డాక్టరమ్మ గేదెల ఫైళ్ళు

నేను నరసరావుపేటలో ఒక పాల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరినప్పుడు, నాకు పని అప్పజెప్పింది పశువుల డాక్టరు. యాభై దాటిన ఆడమనిషి, గురజాల వైపు ఆవిడ. పొద్దున్నే పల్లెలకు వెళ్ళి, ఎండ ముదిరే వేళకు ఆఫీసుకు వచ్చేవారు. రబ్బరు బూట్లు గుమ్మం బయట కడిగి పెట్టి, ఒట్టి కాళ్ళతో లోపలికి నడిచేవారు. రైతులు ఆవిడను డాక్టరమ్మ అనేవాళ్ళు. నేను మేడం అనేదాన్ని. ఇప్పటికీ అలాగే అంటాను.

మా సంఘానికి పాలు పోసే రైతుల గేదెలకు మేలుజాతి ముర్రా దున్నల వీర్యం ఎక్కించడం అక్కడి పని. ఊళ్ళల్లో దాన్ని ‘సూది వేయించడం’ అంటారు. కొన్ని ఊళ్ళకు కలిపి ఒక మనిషి బండి మీద తిరుగుతూ సూదులు వేస్తాడు. ఏ రైతు, ఏ గేదె, ఏ దున్న అనేది చీటీ మీద రాసి సాయంత్రానికి మాకు పంపుతాడు. ఆ చీటీలను కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం.

మొదటిరోజు మేడం నా చేతిలో ఒక చీటీల కట్ట పెట్టి, “నీకు తోచినట్టు ఎక్కించమ్మా, వచ్చి చూస్తా” అని రొంపిచెర్ల వైపు వెళ్ళిపోయారు. నేను బీకాంలో కంప్యూటర్లు చదివినదాన్ని. ఒక పెద్ద షీటు తెరిచి, రైతు పేరు, ఊరు, ఫోను, గుర్తుకోసం గేదె చెవికి వేసే పోగు మీది నెంబరు, తేదీ, దున్న నెంబరు, అన్నీ వరసగా కొట్టేశాను. గడులకు రంగులు కూడా వేశాను.

మేడం వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చూశారు.

“బానే కొట్టావు. ఈ గేదెను ఈయన రేపు అమ్మేశాడనుకో. ఎన్నిచోట్ల దిద్దుతావ్?”

చూశాను. ఆ గేదెకు ఎన్నిసార్లు సూది వేస్తే అన్నిసార్లూ రైతు పేరు, ఊరు, ఫోను మళ్ళీ మళ్ళీ కొట్టి ఉన్నాను.

“అన్నిచోట్లా దిద్దాలి మేడం.”

“ఒకచోట మర్చిపోయావనుకో?”

నేను ఆ వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“అప్పుడు ఒకే గేదె రెండిళ్ళల్లో ఉంటది. పాలు ఎవరు పిండుకోవాలి?”

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగారు.

అప్పుడు తాను తయారుచేసినది తెరిచి చూపించారు. ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరి సాయమూ లేకుండా ఆవిడే కట్టుకున్నది. అంతకుముందు ఏదో పశు పరిశోధన క్షేత్రంలో పనిచేసినప్పుడు కొంత నేర్చుకుని, మిగతాది గుంటూరులో కొన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ఆదివారాలు నేర్చుకున్నారట. ఆ పుస్తకం అట్ట మీద అయోడిన్ మరకలుండేవి.

అందులో రైతుల ఫైలు వేరు, పశువుల ఫైలు వేరు, సూదుల ఫైలు వేరు. రైతు ఫోను నెంబరు రైతుల ఫైల్లో ఒక్కచోటే ఉంటుంది. పశువుల ఫైల్లో ఆ రైతు పేరు ఉండదు, అతనికి సంఘం ఇచ్చిన నెంబరు మాత్రమే ఉంటుంది. సూదుల ఫైల్లో గేదె నెంబరు మాత్రమే ఉంటుంది. గేదెను అమ్మితే పశువుల ఫైల్లో ఒక్క గడిలో రైతు నెంబరు మార్చితే చాలు. గేదె తన సూదులన్నిటితో, దూడలన్నిటితో కొత్త ఇంటికి వెళ్ళిపోతుంది.

ఆ ఫైళ్ళ మధ్య సంబంధాలన్నీ కనిపించే తెర ఒకటుంది. పెట్టెలు, పెట్టెల మధ్య గీతలు. ఒక గీత మాత్రం పశువుల పెట్టెలోంచి బయల్దేరి, చుట్టు తిరిగి మళ్ళీ పశువుల పెట్టె దగ్గరికే వచ్చింది.

“ఇదేంటి మేడం, ఇది తనకు తానే కలిసింది?”

“గేదె ఈ ఫైల్లోనే ఉంది. దాని తల్లీ గేదే గదా, అదీ ఈ ఫైల్లోనే ఉంది. తల్లులకు వేరే ఫైలు పెట్టావనుకో, ఇయ్యాల ఇంకా ఈనని పడ్డగా ఉన్నది రేపు ఈనితే దాన్ని ఇక్కణ్ణించి తీసి అక్కడ వేస్తావా? కూతురూ అదే, తల్లీ అదే. మనం ఎక్కణ్ణించి చూస్తున్నామనేదే తేడా.”

నేను డిగ్రీలో ఇలాంటి బొమ్మలు పరీక్షకు గీసి మార్కులు తెచ్చుకున్నాను. వాటి అవతల పేడ వాసన, పాల క్యాన్లు, ఈనడానికి ఇబ్బంది పడే గేదెలు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నా రంగుల షీటును నేనే మూసేశాను.

ఆవిడతో పని చెయ్యడం సుఖమని చెప్పలేను. ఒక అక్షరం తేడా వచ్చినా లేచి నిలబడి అడిగేవారు. గేదెలున్న రైతు పేరు పొరపాటున తీసెయ్యబోతే, కంప్యూటరే కుదరదని అడ్డం పడేలా పెట్టారు. ఒకసారి, పొరపాటున రెండుచోట్ల ఎక్కిన ఒక రైతు పేరు తీసెయ్యలేక నేను విసుక్కుంటే, “గేదెల్ని గాలికొదిలేసి ఆయన్ను తీసేస్తావా? ముందు వాటికి ఇల్లు చూపించు, తర్వాత తీసెయ్” అన్నారు. ఆ గేదెలను మొదటి పేరు కిందికి మార్చాక, రెండో పేరు మారుమాట లేకుండా పోయింది.

చేరిన కొన్నాళ్ళకు రొంపిచెర్ల దగ్గరి ఊరి నుంచి ఒకాయన మా ఆఫీసుకు వచ్చాడు. ఫోను నా ముందు పెట్టాడు. ‘మీ గేదె ఈనే సమయం దగ్గరపడింది, జాగ్రత్తగా చూసుకోండి’ అని మా కంప్యూటర్ పంపిన మెసేజి అది.

“ఏందమ్మా ఇది? నా గేదె పాము కరిచి పోయిన యేడే చచ్చిపాయె. అది ఈనేదేంది?”

మేడం లోపలి గదిలోంచి వచ్చి, ఆయనకు కుర్చీ వేసి, నన్ను ఆ గేదె రికార్డు తియ్యమన్నారు. చూస్తే, అదే చెవిపోగు నెంబరుతో మాచర్ల వైపు ఇంకో గేదె ఉంది. చెవిపోగుల కొత్త పెట్టె వచ్చినప్పుడు నెంబర్లు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయట. ఆ గేదెకు వేసిన సూది, చచ్చిపోయిన ఈ గేదెకు వచ్చి అతుక్కుంది.

మేడం ఆయనకు క్షమాపణ చెప్పి, మజ్జిగ ఇప్పించి పంపారు. తర్వాత చాలాసేపు ఆ పెట్టెలూ గీతలూ ఉన్న తెర వైపే చూస్తూ కూర్చున్నారు.

“తప్పు నాదే. గేదెను చెవిపోగుతో గుర్తుపట్టాలనుకున్నా. పోగు ఊడిపోద్ది, తెగిపోద్ది, ఇంకోటి వేస్తారు. మనిషిని చొక్కా చూసి గుర్తుపట్టినట్టుంది నా పని.”

“మరి దేంతో గుర్తుపట్టాలి మేడం?”

“ఏ అర్థమూ లేని నెంబరుతో. చెవిలో ఉండకూడదు, ఊరితో పని ఉండకూడదు, రంగుతో పని ఉండకూడదు. కంప్యూటర్ ఇచ్చిన నెంబరు. అది ఎవరికీ తెలియాల్సిన పని లేదు, ఎప్పటికీ మారకూడదు. పోగు నెంబరు పక్కన ఇంకో గడిలో ఉంటది, ఎన్నిసార్లు మారినా మనకేం బాధ లేదు.”

చెప్పినంత తేలిక కాలేదు. పాత సూదులన్నిటినీ కొత్త నెంబర్లకు కలపాలి. ఒకే పోగు నెంబరున్న రెండు గేదెల్లో ఏ సూది ఏ గేదెదో తేల్చాలి. కొన్ని ఊరు చూసి తేలాయి, కొన్ని తేదీ చూసి తేలాయి. మిగతావాటి కోసం నన్ను జీపులో వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగారు. నేను అచ్చంపేట మండలంలో పెరిగినదాన్నే అయినా, గేదె పక్కన నిలబడి రాసుకోవడం అప్పుడే మొదలు. రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళే ఎక్కువ చెప్పేవాళ్ళు. “ఇది తెల్లతోక దాని బిడ్డ. తెల్లతోకది మా పుట్టింటి నుంచి వచ్చింది” అని ఒకామె చెబుతుంటే, మేడం మధ్యలో ఆపకుండా విని, చివర్లో ‘అది ఏ పండగ ముందు ఈనింది?’ లాంటి ఒకే ప్రశ్న వేసేవారు. ఆ ప్రశ్నతో మాకు కావలసింది దొరికేది. తెలియనిచోట ఊహించి రాయనివ్వలేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యమనేవారు.

ఆ పని పూర్తయ్యాక కొంతకాలం అంతా హాయిగా నడిచింది. తర్వాతి వేసవిలో సంఘం ఆఫీసు కొత్త భవనానికి మారింది. కొత్త కంప్యూటర్ వచ్చింది. సామాన్లు మార్చిన కుర్రవాడు ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కొత్త కంప్యూటర్లో వేశానని చెప్పి వెళ్ళాడు. నేను తెరిస్తే ఏ తెర నొక్కినా ఖాళీ. రైతులు లేరు, గేదెలు లేవు. ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో ఒక మాట వస్తుంది, నొక్కితే మళ్ళీ అదే వస్తుంది.

సరిగ్గా ఆ వారమే ఒక ఊరి నుంచి కబురు వచ్చింది. అక్కడ పుట్టిన దూడ ముందుకాళ్ళు మడిచినట్టే ఉన్నాయి, నిలబడలేకపోతోంది. రెండు రోజులకు పక్క ఊళ్ళో ఇంకొకటి. ఆ తర్వాత మూడోది. గ్రహణం పట్టిందని కొందరు, మందు కొట్టిన పత్తి చేలల్లో మేత మేశాయని కొందరు అనుకుంటున్నారు. సంఘం సూదులే మంచివి కావని ఒక ఊళ్ళో పాలు పొయ్యడం ఆపేశారు.

మేడం ఆ దూడలను చూసి, ఎండలో నేరుగా ఆఫీసుకు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

“ఆ మూడు దూడల వెనక ఏముందో చూడాలి. తియ్యమ్మా.”

“ఏమీ రావట్లేదు మేడం. అంతా పోయింది.” నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆవిడ కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, నెమ్మదిగా చెప్పారు. “పోలేదు. మనం రోజూ తెరిచే ఫైల్లో ఉండేవి తెరలే. రైతులూ గేదెలూ సూదులూ వేరే ఫైళ్ళల్లో ఉంటాయి. అవి ఏ ఫోల్డర్లో ఉన్నాయో దారి మాత్రమే దీనికి తెలుసు. ఇల్లు మారాం గదా, ఇది పాతింటి తలుపే కొడతా ఉంది. కొత్త దారి చెప్పాలి, అంతే.”

ఫైళ్ళకు కొత్త దారి చూపించారు. ఒక్కొక్క తెరా నిండింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మాత్రం లేవలేదు. గేదె లేని సూదులు ఏమైనా ఉన్నాయా అని వెతికారు. ఉన్నాయి. ఆ మధ్య కొన్ని నెలల్లో రాసిన సూదులకు గేదెలు కనిపించడం లేదు.

“కుర్రాడు పశువుల ఫైలు పాత కాపీ తెచ్చాడు. కొత్తగా చేర్చిన గేదెలు ఇందులో లేవు. మన పాత కంప్యూటర్ ఎక్కడుంది?”

అది తుక్కు సామానుతో కలిపి ఊరి చివర ఒక పత్తి మిల్లు గోదాములో వేశారట. ఆఫీసు జీపు ఆరోజు లేదు. మేమిద్దరం ఆటో ఎక్కాం. మిట్టమధ్యాహ్నం ఎండ, మేడం చేతిలో నీళ్ళసీసా. గోదాములో విరిగిన కుర్చీల కింద కంప్యూటర్ డబ్బా బోర్లా పడి ఉంది. కాపలా మనిషి, “తుక్కోడు సాయంత్రం వస్తానన్నాడమ్మా” అన్నాడు. మేడం ఆ డబ్బాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారు. ఆఫీసుకు తెచ్చి తీగలు తగిలిస్తే లేచింది. పశువుల ఫైలు అసలు కాపీ అందులో భద్రంగా ఉంది. దాన్ని తెచ్చి, దారి చూపించి, మళ్ళీ వెతికారు. గేదె లేని సూది ఒక్కటీ లేదు. అప్పుడు లేచి మంచినీళ్ళు తాగారు.

ఆ తర్వాత ఆ మూడు దూడల తండ్రులు ఎవరో చూశాం. మూడింటికీ ఒకే దున్న. నేను వెంటనే అన్నాను, “దున్నే మంచిది కాదు మేడం.”

“ఆగు. అదే దున్న సూదితో పుట్టిన మిగతా దూడలేమయ్యాయి?”

చాలా ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. కొన్ని పెరిగి పాలిస్తున్నాయి కూడా. మేడం కళ్ళు చిట్లించి చూస్తూ, ఆ దూడల తల్లుల దగ్గరికి వెళ్ళమన్నారు. తల్లి నుంచి, ఆ తల్లి పుట్టిన సూది దగ్గరికి. ఆ సూది నుంచి, దున్న దగ్గరికి. నేను పైకి చదువుతున్నదాన్నల్లా ఆగిపోయాను.

మూడు తల్లులకూ తండ్రి ఆ దున్నే.

ఆ దున్న కూతుళ్ళు పాలు బాగా ఇస్తాయని రైతులు అదే కావాలని అడిగేవారు. మేమూ అదే వేస్తూ వచ్చాం. కూతుళ్ళు ఎదకు వచ్చేసరికి వాటికీ తండ్రి సూదే పడింది. మేడం పెట్టెల తెర తెరిచి, పశువుల పెట్టె దగ్గరికే తిరిగొచ్చే గీత మీద వేలు పెట్టారు. తర్వాత, “చూసుకునే దారి నేనే కట్టాను. కట్టి, అటు వైపు ఒక్కసారి కూడా నడవలేదు” అన్నారు.

పై ఆఫీసు వాళ్ళు విషయం బయటికి పోనివ్వద్దనీ, మేత దోషమని చెప్పమనీ ఫోను చేశారు. మేడం ఫోను పెట్టేసి, మర్నాడు పొద్దున, పాలు ఆపేసిన ఊళ్ళో పాల కేంద్రం రేకుల షెడ్డు కింద రైతులందరినీ కూర్చోబెట్టారు. నేను పక్కనే నిలబడ్డాను.

“గ్రహణమూ కాదు, మేతా కాదు. మా పొరపాటు. తండ్రి దున్న సూదే కూతురికి వేశాం. చూడకుండా వేశాం.”

మూడు దూడల్లో ఒకటి ముందురోజు రాత్రే చచ్చిపోయింది. దాని రైతు లేచాడు.

“తెలిసే వేశారా డాక్టరమ్మా?”

“తెలిసి వెయ్యలేదు. కానీ తెలుసుకోగలిగి ఉండీ చూసుకోలేదు.”

“అయితే నా దూడ సంగతేంది?”

“పోయినదాన్ని తేలేను. బతికిన రెండిటికీ రోజూ వచ్చి కాళ్ళకు కట్టు కడతా. ఇట్టా చూడి కట్టిన గేదెలు ఇంకా ఎన్నున్నాయో రాసి తెచ్చా. ఏ ఇంట్లో ఉన్నాయో చెప్తా. అవి ఈనే రోజున నేను అక్కడ ఉంటా.”

వెనక నుంచి ఒక ముసలామె అంది, “మేము దీనికి గ్రహణమని గుళ్ళో దీపం పెట్టి వచ్చాం గదే! తండ్రీ కూతురని నువ్వు చెప్తే గానీ తెలియలా.” అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కోపంగా మాట్లాడినవాళ్ళు ఉన్నారు. కానీ షెడ్డు వదిలి వెళ్ళినవాళ్ళు లేరు.

మేడం మాట నిలబెట్టుకున్నారు. కట్లు కట్టిన రెండు దూడల్లో ఒకటి కొంచెం కుంటుతూనే నడిచింది. చూడి గేదెల్లో ఎక్కువ భాగం మామూలు దూడలనే ఈనాయి. ఒకటి మాత్రం అడ్డం తిరిగింది. మేడం మోచేయి దాకా చెయ్యి పెట్టి, దూడను తిప్పి బయటికి తీసినప్పుడు నేను కొమ్ములు పట్టుకుని నిలబడ్డాను. పెయ్యదూడ. అది పుట్టిన కాసేపటికే లేచి, తల్లి పొదుగు వెతుక్కుంది. పాలు ఆపేసిన ఊరు కొన్నాళ్ళకు మళ్ళీ క్యాన్లు పంపింది.

ఆ తర్వాత మేడం కంప్యూటర్లో ఒక కాపలా పెట్టారు. సూది రాసేటప్పుడు దున్న నెంబరు కొట్టగానే, అది ఆ గేదెకు తండ్రో, తాతో అయితే తెర ఎర్రబడి రాయనివ్వదు. సూదులు వేసేవాళ్ళు గేదె దగ్గర నుంచే నాకు ఫోను చేసి అడిగి వేసేవారు. ఒకసారి ఒక రైతు ఫోను లాక్కుని నాతోనే పోట్లాటకు దిగాడు.

“ఆ దున్నే వెయ్యమనమ్మా. దాని దూడలు చానా బాగా పాలిస్తయ్యి.”

“కుదరదు బాబాయ్. అది మీ గేదెకు నాయన.”

“ఓర్నీ! ఆ సంగతి ముందే చెప్పొద్దా? వేరేది వెయ్యమను, వేరేది వెయ్యమను” అని గబగబా అన్నాడు. పక్కన మేడం వినేసి, నేను చూస్తుండగా మొదటిసారి పగలబడి నవ్వారు.

ఆవిడ రిటైరయిన రోజు సంఘం వాళ్ళు సన్మానం పెడతామన్నారు. శాలువా కప్పించుకుని వెంటనే వచ్చి నా పక్కన కూర్చున్నారు. అదే సమయానికి అచ్చంపేట వైపు నుంచి ఒకాయన వచ్చాడు. సంతలో కొన్న పడ్డను సంఘంలో చేర్చాలట. దాని తల్లి ఎవరో తెలియదు. అయినా ఫలానా పేరున్న దున్న కూతురని రాయమన్నాడు.

“అట్టా రాస్తే ఏమవుద్దమ్మా? మంచిదే గదా?”

మేడం అతన్ని తిట్టలేదు. కూర్చోబెట్టి, ఆ మూడు దూడల సంగతి మొదటి నుంచి చెప్పారు. లేని తండ్రిని రాస్తే, రేపు నిజమైన తండ్రి సూది పడినా కంప్యూటర్ పట్టుకోలేదని, గడి ఖాళీగా ఉంటే తెలియదన్న సంగతైనా గుర్తుండి జాగ్రత్తపడతామని చెప్పారు. అతను తల గోక్కుంటూ విని, “సరే అయితే, తెలియదనే రాయండి” అన్నాడు.

ఆవిడే కీబోర్డు తన వైపు లాక్కుని రైతు పేరు కొట్టి, పడ్డకు కొత్త నెంబరు ఇచ్చి, తల్లి గడీ తండ్రి గడీ ఖాళీగా వదిలేశారు. తర్వాత శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, పడ్డను చూస్తానని అతనితో బయటికి నడిచారు. కిటికీలోంచి చూస్తే, ఆఫీసు ముందు ఆపిన ట్రాలీ ఆటోలో నిలబడ్డ ఆ పడ్డ నోరు తెరిచి, వయసు తేల్చడానికి పళ్ళు చూస్తున్నారు.